కుక్కల మెదడు వాపు: రక్తసూచికలు చెప్పే జోస్యం ఎంతవరకు?

వాషింగ్టన్ నగరానికి పశ్చిమాన, డల్లెస్ విమానాశ్రయానికి చేరువలో ఉన్న హెర్న్‌డన్ పట్టణం నడిబొడ్డున ఒక నడకదారి సాగుతుంది. 1968 వరకు అది రైలుమార్గం. నేడు 45 మైళ్ళ పొడవున బాటసారులకు, సైకిళ్ళకు విడిచిపెట్టిన బాట. పాత రైలుస్టేషను కట్టడం ఇప్పటికీ దాని పక్కనే నిలిచి ఉంది. సాయంకాలం ఆ దారిలో నడిచేవారి చేతి పట్టీల చివర పగ్, మాల్టీస్, యార్క్‌షైర్ టెర్రియర్, చివావా వంటి చిన్న జాతుల కుక్కలు తరచు కనిపిస్తాయి. అమెరికాలో స్థిరపడిన తెలుగు ఇళ్ళలోకి కూడా ఈ చిన్న ప్రాణులు ప్రవేశించి, పిల్లలతో సమానంగా పెరుగుతున్నాయి.

అటువంటి ఒక ఇంటిని ఊహించుకోవచ్చు. మూడేళ్ళ పగ్ రెండు రోజులుగా ఒకే వైపు గుండ్రంగా తిరుగుతున్నది. గోడకు తల ఆనించి నిలబడుతున్నది. మూడవ రాత్రి మూర్ఛ వచ్చింది. అత్యవసర పశువైద్యశాలలో రక్తం తీశారు. తెల్లవారేసరికి ఒక కాగితం చేతికి వచ్చింది: తెల్లకణాలు 12,000, అందులో న్యూట్రోఫిల్స్ 80 శాతం, లింఫోసైట్లు 10 శాతం. మెదడు వాపు కావచ్చునని వైద్యుడు అన్నాడు. ఇంటివారు ఆ అంకెలను పట్టుకొని అడిగే ప్రశ్న ఒక్కటే: ఇది బతుకుతుందా?

కొన్నేళ్ళుగా పశువైద్య పరిశోధకులు ఈ ప్రశ్నకు రక్తంలోనే జవాబు వెదుకుతున్నారు. ఆ అన్వేషణ ఎంతవరకు వచ్చిందో, ఇంటివారు ఆ అంకెలను ఎంతవరకు నమ్మవచ్చునో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వ్యాధి స్వరూపం

మెదడుకు, దానిని కప్పి ఉంచే పొరలకు వాపు రావడానికి కారణాలు రెండు రకాలు. మొదటిది సూక్ష్మజీవులు. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలో కుక్కకు మెదడు వ్యాధి అనగానే వైద్యులు ముందుగా తలచుకునేది రేబిస్‌ను, ఆపైన డిస్టెంపర్‌ను. ఈ రెండింటికీ టీకాలు ఉన్నాయి. వర్జీనియాలో నాలుగు నెలలు నిండిన ప్రతి కుక్కకూ రేబిస్ టీకా చట్టరీత్యా తప్పనిసరి. టీకాలు సక్రమంగా పడుతున్న దేశాలలో రెండవ రకం ప్రధానంగా కనిపిస్తుంది. ఇందులో సూక్ష్మజీవి ఏదీ దొరకదు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే దారితప్పి సొంత మెదడుపై దాడి చేస్తుంది.

ఈ రెండవ రకంలో మూడు ముఖ్య రూపాలు ఉన్నాయి. కణాలు ముద్దలుగా పేరుకునేది ఒకటి. మెదడు కణజాలం చచ్చి గుల్లబడే రూపాలు రెండు. పగ్ జాతిలో కనిపించే రూపాన్ని 1989లో కార్డీ, హాలిడే అనే శాస్త్రజ్ఞులు సవివరంగా వర్ణించారు. యార్క్‌షైర్ టెర్రియర్లలోని రూపం 1993లో వెలుగులోకి వచ్చింది. అయితే ఏ కుక్కది ఏ రూపమో సూక్ష్మదర్శిని కింద మెదడు ముక్కను చూస్తేనే నిర్ధారణ అవుతుంది. బతికి ఉన్న కుక్కకు ఆ పరీక్ష చేయడం అరుదు. అందువల్ల వైద్యులు మూడింటినీ కలిపి ‘కారణం తెలియని మెదడు వాపు’ అని వ్యవహరిస్తారు.

నిర్ధారణకు నాలుగు ఆధారాలు కావాలి. కుక్క వయస్సు ఆరు నెలలు దాటి ఉండాలి. ఎం.ఆర్.ఐ. చిత్రంలో వాపు మచ్చలు కనిపించాలి. మెదడును, వెన్నుపామును తడుపుతూ ఉండే ద్రవంలో తెల్లకణాలు పెరిగి, వాటిలో సగానికి పైగా లింఫోసైట్ల వంటి ఏకకేంద్రక కణాలు ఉండాలి. ఆరోగ్యవంతమైన కుక్కలో ఈ ద్రవపు ఒక్క మైక్రోలీటరులో ఐదుకు మించి కణాలు ఉండవు. చివరగా, ఆ ప్రాంతంలో వచ్చే అంటువ్యాధుల పరీక్షలు లేవని తేల్చాలి. ఎం.ఆర్.ఐ. తీయాలన్నా, ద్రవం తీయాలన్నా కుక్కకు మత్తు ఇవ్వాలి. ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది. ఒక్క చెంచాడు రక్తంతో తేలిపోతే ఎంత మేలు అన్న ఆశ ఇక్కడే పుట్టింది.

రక్తానికి, మెదడుకు మధ్య గోడ

ఆ ఆశకు మొదటి అడ్డంకి శరీర నిర్మాణంలోనే ఉంది. 1885లో జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిష్ జంతువుల రక్తంలోకి రంగును ఎక్కించి చూశాడు. అవయవాలన్నీ రంగు పట్టాయి గాని మెదడు మాత్రం తెల్లగానే మిగిలింది. ఆయన శిష్యుడు గోల్డ్‌మన్ 1913లో అదే ప్రయోగాన్ని తిరగవేశాడు. రంగును మెదడు ద్రవంలోకి ఎక్కిస్తే మెదడు రంగుతేలింది, శరీరం తేలలేదు. మెదడు రక్తనాళాల గోడలలోని కణాలు ఒకదానితో ఒకటి బిగుతుగా అతుక్కొని ఉండడమే దీనికి కారణమని తరువాతి పరిశోధనలు తేల్చాయి.

గోడకు అవతల మంట రేగినా ఇవతల పొగ కనిపించకపోవచ్చు. మెదడు వాపు ఉన్న ఎన్నో కుక్కలలో మామూలు రక్తపరీక్షలు ఏ లోపమూ చూపకపోవడానికి ఇది ఒక కారణం. రక్తం శుభ్రంగా ఉన్నంత మాత్రాన మెదడు క్షేమమని అనుకోరాదు. కనుక రక్తసూచికలను రెండు వర్గాలుగా విడదీసి చూడాలి. శరీరం మొత్తం మీద పడిన ఒత్తిడిని తెలిపేవి మొదటి వర్గం. మెదడు కణాలు దెబ్బతిన్నప్పుడు గోడ దాటి రక్తంలోకి జారే పదార్థాలు రెండవ వర్గం.

న్యూట్రోఫిల్, లింఫోసైట్ల నిష్పత్తి

మొదటి వర్గంలో అందరికీ అందుబాటులో ఉన్నది న్యూట్రోఫిల్, లింఫోసైట్ల నిష్పత్తి. దీనికి వేరే పరీక్ష అక్కరలేదు. సాధారణ రక్తకణాల లెక్క కాగితంలోనే ఉంటుంది. న్యూట్రోఫిల్స్ సంఖ్యను లింఫోసైట్ల సంఖ్యతో భాగించడమే. న్యూట్రోఫిల్స్ 70 శాతం, లింఫోసైట్లు 20 శాతం ఉన్న కుక్కలో ఈ నిష్పత్తి మూడున్నర. పైన ఊహించిన పగ్ రక్తంలో 9,600ను 1,200తో భాగిస్తే 8 వస్తుంది.

మనుషులలో కాన్సర్, పక్షవాతం, తీవ్రమైన అంటువ్యాధుల విషయంలో ఈ నిష్పత్తి పెరగడం చెడు సూచన అని వైద్యులు గమనించారు. పశువైద్యులు దానిని కుక్కల మెదడు వాపుకు అన్వయించి చూశారు. ఆరోగ్యవంతమైన కుక్కలతో పోల్చినప్పుడు వ్యాధిగ్రస్తులలో నిష్పత్తి సగటున ఎక్కువగా ఉండడం కనిపించింది. అయితే సగటు వేరు, ఒక్క కుక్క వేరు.

దీనికి మామిడిపండ్ల ఉదాహరణ తీసుకోవచ్చు. ఒక గంపలో బంగినపల్లి, మరొక గంపలో చిన్నరసాలు ఉన్నాయనుకుంటే, సగటు బరువులో బంగినపల్లి గంపదే పైచేయి. కాని కళ్ళు మూసుకొని చేతిలోకి తీసుకున్న ఒక నడిమి తూకం పండు ఏ గంపదో బరువును బట్టి చెప్పడం సాధ్యం కాదు. చిన్న బంగినపల్లీ, పెద్ద రసమూ ఒకే తూకం తూగవచ్చు. రక్తసూచికల పరిశోధనలలో పదేపదే ఎదురయ్యే చిక్కు ఇదే. రెండు గుంపుల సగటులు వేరుగా ఉంటాయి. ఒక్కొక్క కుక్క అంకెలు మాత్రం ఒకదానిపై ఒకటి పడతాయి.

రెండవ చిక్కు ఇంకా ముఖ్యమైనది. భయం, నొప్పి, మూర్ఛ కలిగినప్పుడు అడ్రినల్ గ్రంథుల నుంచి కార్టిసోల్ అనే హార్మోను విడుదల అవుతుంది. దాని ప్రభావంతో రక్తనాళాల గోడలకు అంటుకొని ఉన్న న్యూట్రోఫిల్స్ ప్రవాహంలోకి దిగుతాయి. లింఫోసైట్లు రక్తం విడిచి ఇతర స్థానాలకు తరలిపోతాయి. నిష్పత్తి పెరుగుతుంది. ప్రెడ్నిసోలోన్ వంటి స్టెరాయిడ్ మందు ఇచ్చినా అదే మార్పు వస్తుంది, ఎందుకంటే ఆ మందు కార్టిసోల్‌కు దగ్గరి బంధువు. అంటే 8 అన్న అంకె మెదడులోని మంటను సూచించవచ్చు, రాత్రి వచ్చిన మూర్ఛను సూచించవచ్చు, వైద్యశాలలో పడిన భయాన్ని సూచించవచ్చు, ముందురోజు వేసిన మాత్రను కూడా సూచించవచ్చు. అందువల్ల రక్తం తీసిన వేళ, మందు వేసిన వేళ తెలియకుండా ఆ నిష్పత్తికి అర్థం చెప్పడం పొరపాటు.

ఒక వ్యాధిలో పలికేది, మరొక వ్యాధిలో మౌనం

మొదటి వర్గంలోని మరొక సూచిక సి-రియాక్టివ్ ప్రోటీన్. 1930లో న్యూమోనియా రోగుల రక్తంలో కనుగొన్న ఈ ప్రోటీన్‌ను శరీరంలో ఎక్కడ వాపు వచ్చినా కాలేయం తయారుచేసి వదులుతుంది. దీని విలువ, పరిమితి రెండూ ఒక పోలికతో తెలుస్తాయి.

ఆరు నుంచి పద్ధెనిమిది నెలల మధ్య వయస్సున్న బీగిల్, బాక్సర్ వంటి కుక్కలలో మెదడు పొరలకు, అక్కడి రక్తనాళాలకు వాపు వచ్చే వేరొక వ్యాధి ఉంది. తీవ్రమైన జ్వరం, మెడ నొప్పి దాని లక్షణాలు. ఆ వ్యాధిలో సి-రియాక్టివ్ ప్రోటీన్ బాగా పెరుగుతుంది. స్టెరాయిడ్ చికిత్సతో కుక్క కోలుకుంటున్నకొద్దీ తగ్గుతుంది. మళ్ళీ పెరిగితే వ్యాధి తిరగబెట్టిందని అనుమానించవచ్చు. పదేపదే మత్తు ఇచ్చి ద్రవం తీసే బాధ దీనివల్ల చాలావరకు తప్పింది. అదే వ్యాధిలో ఐజీఏ అనే ప్రతిరక్షకం కూడా పెరుగుతుంది గాని, కుక్క కోలుకున్న తరువాత కూడా అది పెరిగే ఉంటుంది. అందువల్ల రోగనిర్ధారణకు పనికివచ్చిన ఆ సూచిక చికిత్స గమనాన్ని తెలుసుకోవడానికి పనికిరాదు.

పగ్, మాల్టీస్ వంటి కుక్కలకు వచ్చే కారణం తెలియని మెదడు వాపులో మాత్రం సి-రియాక్టివ్ ప్రోటీన్ సాధారణంగా పెరగదు. మంట మెదడు లోపలికే పరిమితమై ఉండడం వల్ల కాలేయానికి కబురు చేరదు. ఆ కాగితంలో ఇది మామూలుగా ఉన్నదని ఊరట పొందడానికి వీలులేదు. బాగా పెరిగి ఉంటే వైద్యుడు శరీరంలో మరొకచోట అంటువ్యాధి ఉన్నదేమోనని వెదకాలి.

మెదడు నుంచి జారే ఆనవాళ్ళు

రెండవ వర్గం సూచికల కథ 1999లో జపానులో ఊపందుకుంది. వ్యాధిగ్రస్తమైన పగ్ కుక్కల మెదడు ద్రవంలో ఆస్ట్రోసైట్లు అనే నక్షత్రాకార కణాలపై దాడిచేసే ప్రతిరక్షకాలను అక్కడి పరిశోధకులు గుర్తించారు. ఆస్ట్రోసైట్ల అస్థిపంజరం వంటి ఒక ప్రోటీన్ వాటి లక్ష్యమని తరువాత తేలింది. ఇటువంటి ప్రతిరక్షకాలతో మనుషులకు వచ్చే మెదడు వాపును అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 2016లో వర్ణించారు. మనుషుల వ్యాధి కంటే ముందే కుక్కల వ్యాధి దారి చూపిన సందర్భాలలో ఇది ఒకటి. కాని ఈ ప్రతిరక్షకాలు మెదడు కంతులున్న కుక్కలలోను, ఆరోగ్యంగా ఉన్న కొన్ని పగ్ కుక్కలలోను కూడా కనిపించాయి. అవి ఉన్నంత మాత్రాన వ్యాధి ఉన్నదని చెప్పడం కుదరదు.

నరాల తంతువులకు బలాన్నిచ్చే సన్నని ప్రోటీన్ ఒకటి ఉంది. దాని పేరు న్యూరోఫిలమెంట్ లైట్ చైన్. తంతువు తెగినప్పుడు అది మెదడు ద్రవంలోకి, అక్కడినుంచి అతి స్వల్పంగా రక్తంలోకి చేరుతుంది. అంత స్వల్ప పరిమాణాన్ని కొలిచే సాధనాలు ఇటీవలి కాలంలోనే వచ్చాయి. మెదడు వాపు ఉన్న కుక్కల రక్తంలో ఇది పెరుగుతుందని పరిశోధనలు చూపించాయి. మెదడులో నష్టం జరుగుతున్నదని ఇది తెలుపగలదు. నష్టానికి కారణం ఏమిటో, అది మందుకు లొంగుతుందో లేదో తెలుపలేదు.

పగ్ జాతిలో 12వ క్రోమోజోములోని రోగనిరోధక జన్యువుల ప్రాంతానికి ఈ వ్యాధితో సంబంధం ఉన్నదని కూడా తేలింది. దీనికి జన్యుపరీక్ష అందుబాటులో ఉంది. అది కుక్కలను జతపరచే పెంపకందారులకు ఉపయోగకరం. జబ్బుపడిన కుక్క బతుకుతుందో లేదో దానివల్ల తెలియదు.

మొదటి వారం

రక్తం ఇంత సందిగ్ధంగా మాట్లాడుతుంటే, రోగభవిష్యత్తును తెలిపేది ఏది? 1962 నుంచి 2008 వరకు ప్రచురితమైన 457 కుక్కల వివరాలను 2010లో ఒక సమీక్ష క్రోడీకరించింది. స్టెరాయిడ్ ఒక్కటే వాడిన కుక్కల మధ్యస్థ జీవితకాలం వేర్వేరు నివేదికలలో 28 నుంచి 357 రోజులు. స్టెరాయిడ్‌తోపాటు మరొక రోగనిరోధక నియంత్రణ మందు వాడినవాటిలో అది 240 నుంచి 590 రోజులు. ఈ అంకెల మధ్య ఉన్న విస్తారమైన ఎడమే ఈ వ్యాధి స్వభావాన్ని చెబుతుంది.

2016లో వెలువడిన మరొక పరిశీలనలో 116 కుక్కలకు గాను 30, అంటే సుమారు నాలుగవ వంతు, నిర్ధారణ జరిగిన వారంలోపే మరణించాయి. స్పృహ మందగించడం, మూర్ఛలు రావడం, మెదడు ద్రవంలో న్యూట్రోఫిల్స్ శాతం పెరగడం ఈ తొలి మరణాలతో ముడిపడిన మూడు లక్షణాలు. వీటిలో మొదటి రెండింటిని గమనించడానికి కళ్ళు చాలు. మూడవది ద్రవంలో చూసేది, చేతి సిర నుంచి తీసిన రక్తంలో చూసేది కాదు. ఈ గండం గడిచిన కుక్కలలో చాలా వాటికి నెలలు, కొన్నింటికి సంవత్సరాల జీవితం మిగిలి ఉంటుంది.

ఇక్కడ ఒక సూక్ష్మమైన విషయాన్ని గుర్తించాలి. కుక్కల మరణాలలో అనేకం వ్యాధి చేతిలో జరిగినవి కావు. బాధ చూడలేక, ఆశ లేదని నమ్మి, ఖర్చు భరించలేక యజమానులు సూదిమందుతో కారుణ్య మరణం ఇప్పిస్తారు. లెక్కలలో అదీ మరణమే. ఒక సూచిక ఎక్కువగా ఉంటే కుక్క బతకదని వైద్యుడు నమ్మితే, ఆ మాట ఇంటివారికి చెబుతాడు. వారు చికిత్స మానుకుంటారు. కుక్క చనిపోతుంది. రేపటి పరిశోధకుడు ఆ కాగితం చూసి, సూచిక ఎక్కువగా ఉన్న కుక్క చనిపోయిందని లెక్క వ్రాసుకుంటాడు. జోస్యం తనను తానే నిజం చేసుకుంటుంది. స్వర్గద్వారం దాకా వెంట వచ్చిన కుక్కను విడిచి లోపలికి రానన్న ధర్మరాజు కథ వింటూ పెరిగిన తెలుగువారికి ఈ నిర్ణయం సులభం కాదు. బాధ తీరే మార్గం లేనప్పుడు ఆ నిర్ణయం దయతో కూడినదే కావచ్చు. కాని దానికి ఆధారం కుక్క స్థితి కావాలి, రక్తపు కాగితంలోని ఒక్క అంకె కాకూడదు.

చికిత్స

చికిత్సకు పునాది ప్రెడ్నిసోలోన్. మొదట ఎక్కువ మోతాదులో ఇచ్చి, నెలల తరబడి మెల్లమెల్లగా తగ్గిస్తారు. దానికి తోడుగా సైక్లోస్పోరిన్ గాని, సైటోసిన్ అరబినోసైడ్ గాని వాడతారు. రెండవ మందును సాధారణంగా మూడు వారాలకొకసారి రెండు రోజులపాటు చర్మం కింద సూదిమందుగా ఇస్తారు. కొన్నిచోట్ల సిరలోకి సన్నని ధారగా ఎక్కిస్తారు. ఇది కణాలకు కావలసిన ముడిసరుకును పోలిన నకిలీ పదార్థం. విభజన చెందబోయే కణం దానిని అసలు సరుకుగా భ్రమించి తీసుకొని ఆగిపోతుంది.

ఇటువంటి నకిలీ పదార్థాలతో వ్యాధిని ఎదుర్కొనే చరిత్రలో ఒక తెలుగువాడి పేరు చిరస్థాయిగా ఉంది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో, న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన అమినోప్టెరిన్ తయారైంది. దానిని రక్త కాన్సర్ సోకిన పిల్లలకు వాడి, తాత్కాలికంగానైనా వ్యాధి వెనుకంజ వేసిందని సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించాడు. సైటోసిన్ అరబినోసైడ్ ఆ తరువాతి కాలంలో వేరే శాస్త్రజ్ఞుల చేతిలో రూపొందినా, అది నడిచినది అదే బాట.

ఇంటివారు గుర్తుంచుకోవలసినవి

మూర్ఛ ఐదు నిమిషాలు దాటినా, ఒకదాని వెంట ఒకటి వచ్చినా వెంటనే ఆస్పత్రికి తీసుకొని వెళ్ళాలి. వీలైతే మూర్ఛను ఫోనులో చిత్రీకరించాలి. వైద్యునికి అది మాటల వర్ణన కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. మనుషుల నొప్పి మాత్రలు వేయరాదు. స్టెరాయిడ్ మాత్రను ఒక్కసారిగా మానివేయరాదు. మందు వాడుతున్న కాలంలో శరీరం సొంతంగా కార్టిసోల్ తయారుచేయడం తగ్గిస్తుంది, హఠాత్తుగా ఆపితే ప్రాణాపాయం కలుగవచ్చు. సైటోసిన్ అరబినోసైడ్ ఇచ్చిన తరువాత కొన్ని రోజులు కుక్క మలమూత్రాలను తొడుగులు వేసుకొని శుభ్రపరచాలి. గర్భవతులు ఆ పని చేయరాదు.

హెర్న్‌డన్ నుంచి సుమారు 250 మైళ్ళ దూరంలో, బ్లాక్స్‌బర్గ్‌లో వర్జీనియా, మేరీలాండ్ రాష్ట్రాలు కలిసి నడిపే పశువైద్య కళాశాల ఉంది. 1978లో స్థాపితమైన ఆ కళాశాలలోను, నగర పరిసరాలలోని పెద్ద పశువైద్యశాలలలోను నరాల వ్యాధుల నిపుణులు ఉంటారు. తొలి రోజులలోనే వారి సలహా తీసుకోవడం మేలు.

ఇక ఆ పగ్ చేతికాగితంలోని 8 అన్న అంకె. మూర్ఛ వచ్చిన రాత్రే రక్తం తీశారు గనుక దానినిబట్టి ఆశ పెంచుకోవడానికీ, వదులుకోవడానికీ ఆధారం లేదు. ఆ కాగితాన్ని తేదీ, వేళ, అప్పటికి వేసిన మందులు వ్రాసి భద్రపరచాలి. తరువాతి పరీక్షలతో పోల్చడానికి అది పనికివస్తుంది. చికిత్స మొదలైన తరువాత కుక్క పిలిస్తే తల తిప్పుతున్నదా, తనంత తాను నీరు త్రాగుతున్నదా, మూర్ఛలు ఆగాయా, తిన్నగా నడవగలుగుతున్నదా అన్నవి రోజూ గమనించి వ్రాసుకోవాలి. ఆ ఏడు రోజుల పట్టికతో నిపుణుని ఎదుట కూర్చుంటే, నిర్ణయం ఎటువైపు సాగినా, ఇంటివారు తమ కుక్క స్థితిని చూసి నిర్ణయించినవారవుతారు.